లేబులే సాక్ష్యం: మద్యనిషేధ నగరంలో విస్కీ రుచుల తర్కం

సూరత్: వజ్రం మేలిమిని ఈ నగరంలో కంటితో తేల్చరు, కాగితంతో తేలుస్తారు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో అత్యధిక భాగం ఇక్కడి కార్ఖానాల్లోనే మెరుగులు దిద్దుకుంటోంది. గనిలో దొరికిన రాయికీ, ప్రయోగశాలలో పెంచిన రాయికీ గల తేడా ఆరితేరిన పనివానికి సైతం భూతద్దంలో కనిపించదు. ధ్రువపత్రం చేతికి వచ్చిన తరువాతనే బేరం మొదలవుతుంది. విస్కీ విషయంలోనూ ఈ నగరవాసికి అదే గతి. రుచి చూసి కొనే వీలు లేదు కనుక సీసా మీది లేబుల్‌ను చదివి కొనుక్కోవలసిందే.

గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉన్న సంగతి విదితమే. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టమే 1960 మే 1న రాష్ట్రం అవతరించిన నాటి నుంచి ఇక్కడ కొనసాగుతోంది. బార్లు లేవు, వీధి దుకాణాలు లేవు. అయితే నిషేధపు గోడకు కిటికీలు లేకపోలేదు. నలభై ఏళ్ళు దాటి, ఆరోగ్య కారణం చూపి, ప్రభుత్వ వైద్యుల పరీక్షకు నిలిచినవారికి ‘హెల్త్ పర్మిట్’ లభిస్తుంది. ఇతర రాష్ట్రాల నుంచీ, విదేశాల నుంచీ వచ్చేవారికి తాత్కాలిక పర్మిట్లు వేరుగా ఉన్నాయి. పర్మిట్ గలవారు కొన్ని హోటళ్ళలో నడిచే అధీకృత దుకాణాల నుంచి, వయసును బట్టి నెలకు ఇన్ని యూనిట్లన్న లెక్కన కొనుక్కోవచ్చు.

నెలకు కొద్ది సీసాలే దక్కే మనిషి ఏ సీసా కొనాలన్నది తేలికగా తీసుకోడు. పైగా వ్యాపారం పేరిట ఆంట్వెర్ప్, హాంకాంగ్, న్యూయార్క్ నగరాలకు రాకపోకలు సాగించేవారు, అమెరికాలో బంధువర్గం ఉన్నవారు ఈ నగరంలో తక్కువేమీ కాదు. స్కాచ్ మేలా, అమెరికా బోర్బన్ మేలా, రై విస్కీ ఎవరికి నప్పుతుంది అన్న చర్చకు ఇక్కడ చోటుండటంలో వింతేమీ లేదు.

మూడు పేర్లు, మూడు నిబంధనలు

‘రాయి’ అన్న మాట సూరత్ వంటింట్లో వినిపిస్తే ఆవాలని అర్థం. విస్కీ సీసా మీద కనిపించే ‘రై’కి దానితో ఎట్టి సంబంధమూ లేదు. అది గోధుమకు దగ్గరి చుట్టమైన, చలి దేశాల్లో పండే ధాన్యం. మన ప్రాంతాల్లో దాని సాగు లేకపోవడం వల్ల తెలుగులో దానికి పేరు కూడా స్థిరపడలేదు.

అమెరికా చట్టం ప్రకారం రై విస్కీకి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి. బోర్బన్‌లో అదే 51 శాతం మొక్కజొన్న ఉండాలి. రెండింటినీ లోపల మంటతో కాల్చి బొగ్గుపొర కట్టించిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి. బట్టీ నుంచి దిగే స్పిరిట్‌లో ఆల్కహాల్ 80 శాతం మించరాదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటరాదు, సీసాలో 40 శాతానికి తగ్గరాదు. బోర్బన్‌లో రంగు కలపడం నిషిద్ధం. లేబుల్ మీద ‘స్ట్రెయిట్’ అన్న మాట ఉంటే ఆ సరుకు రెండేళ్ళకు తక్కువ కాకుండా పీపాలో ఉన్నదని భావం. బోర్బన్ అమెరికాకే చెందిన విశిష్ట ఉత్పత్తి అని ఆ దేశ కాంగ్రెస్ 1964లో తీర్మానించింది.

స్కాచ్‌కు నియమాలు ఇంకొక తీరున ఉన్నాయి. 2009 నాటి బ్రిటిష్ నిబంధనల మేరకు అది స్కాట్లండ్‌లోనే తయారై, అక్కడే 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్ళు నిలవాలి. నీరు, కారమెల్ రంగు తప్ప మరేదీ కలపరాదు. మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితో, ఒకే డిస్టిలరీలో, రాగి కుండబట్టీల్లో కాచినది సింగిల్ మాల్ట్. మాల్ట్ విస్కీకి ఇతర ధాన్యపు విస్కీ జోడిస్తే బ్లెండెడ్ స్కాచ్. లేబుల్ మీది ‘12 సంవత్సరాలు’ అన్న అంకె సగటు వయసు కాదు. ఆ సీసాలో అన్నింటికన్నా చిన్న విస్కీ వయసది. ఈ ఒక్క సంగతి తెలియక డబ్బు దండుగ చేసుకునేవారు అనేకులు.

అన్ని దేశాలూ ఇంత పట్టింపుతో లేవు. కెనడాలో ‘రై విస్కీ’ అన్న పేరు పెట్టుకోవడానికి అందులో ఇంత శాతం రై ఉండాలన్న నియమమే లేదు. అక్కడి రుచి సంప్రదాయానికి సరిపోతే చాలు. అదే పేరు, సరిహద్దు దాటగానే వేరే అర్థం.

పీపా చెప్పే కథ

ఈ మూడింటి రుచిలోని తేడా సగం ధాన్యం నుంచీ, సగం పీపా నుంచీ వస్తుంది. కొత్త ఓక్ చెక్కను కాల్చినప్పుడు అందులోని చక్కెరలు పాకంలా మారుతాయి, వనిల్లా వాసన పుడుతుంది. బోర్బన్‌లోని తీపి వాసన, ఎర్రని రంగు అందువల్లనే. చక్కెర పాకం, కాల్చిన మొక్కజొన్న పొత్తు, వనిల్లా అని రసికులు దానిని వర్ణిస్తారు. రై విస్కీలో ఆ తీపి తగ్గి మిరియం, లవంగం వంటి ఘాటు ముందుకు వస్తుంది. మసాలా రుచులకు అలవాటుపడిన మన నాలుకకు రై త్వరగా నచ్చవచ్చునన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే మన దేశపు దుకాణాల్లో అది అరుదుగానే దొరుకుతుంది.

ఒకసారి బోర్బన్ నింపిన పీపాను మళ్ళీ బోర్బన్‌కు వాడరాదు. మరి ఖాళీ అయిన లక్షలాది పీపాలు ఏమవుతున్నాయి? వాటిలో పెద్ద భాగం స్కాట్లండ్‌కు ఎగుమతి అవుతోంది. అక్కడ వాడిన పీపాలకు అభ్యంతరం లేదు సరికదా, అవే కావాలి. కొత్త చెక్క ఘాటు బార్లీ వాసనను మింగివేస్తుంది. స్కాచ్ తాగేవారు తమకు తెలియకుండానే కొంత బోర్బన్ వాసనను కూడా ఆస్వాదిస్తున్నారన్న మాట. బోర్బన్ అభిమానులు ఈ సంగతిని వాదనలో తప్పక ఎత్తుతారు.

స్కాచ్‌లోని పొగ వాసన పీపాది కాదు. పీట్ అనే చిత్తడి నేలల మట్టిని కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెట్టడం వల్ల వస్తుంది. ఐలా ద్వీపపు లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లగవూలిన్ విస్కీలు ఇందుకు పేరుపొందాయి. మొదటిసారి రుచి చూసినవారికి ఆసుపత్రి వాసన తోస్తుంది. కొందరు జన్మలో మళ్ళీ ముట్టరు, కొందరు మరొకటి ముట్టరు. స్పేసైడ్ ప్రాంతపు గ్లెన్‌లివెట్, గ్లెన్‌ఫిడిక్ వంటివి ఇందుకు భిన్నంగా పండ్ల వాసనతో మృదువుగా ఉంటాయి.

కొత్తవారికి సిఫారసు చేసేటప్పుడు అనుభవజ్ఞులు సాధారణంగా మృదువైన దాని నుంచి ఘాటైన దానికి వెళ్ళమంటారు. బోర్బన్‌లో రైకి బదులు గోధుమ జోడించే మేకర్స్ మార్క్‌తో ప్రారంభించి, బఫలో ట్రేస్ చూసి, 50.5 శాతం ఆల్కహాల్ గల వైల్డ్ టర్కీ 101 వరకు వెళ్ళవచ్చు. రైలో ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ ముద్ర గల రిటెన్‌హౌస్‌ను ఎక్కువమంది ప్రస్తావిస్తారు. ఆ ముద్ర వెనుక 1897 నాటి అమెరికా చట్టం ఉంది. ఒకే డిస్టిలరీలో, ఒకే ఋతువులో కాచి, ప్రభుత్వ పర్యవేక్షణ గల గిడ్డంగిలో నాలుగేళ్ళు ఉంచి, 50 శాతం బలంతో నింపిన దానికే అది దక్కుతుంది. పొగాకు రసం, రకరకాల రంగులు కలిపి ‘పాత విస్కీ’గా అమ్మిన వ్యాపారుల ఆట కట్టించేందుకు వచ్చిన చట్టమది. కల్తీ భయమే నాణ్యత ముద్రకు జన్మనిచ్చిందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

నీరు కలపవచ్చునా అన్నది మరో తగవు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2017లో దీనిపై కంప్యూటర్ నమూనాలతో ఒక అధ్యయనం ప్రచురించారు. పొగ వాసనకు కారణమైన గ్వాయకోల్ అనే పదార్థం, నీరు చేర్చి పలుచన చేసినప్పుడు ద్రవం పైభాగానికి చేరుతుందని వారు తేల్చారు. కొద్ది చుక్కల నీరు వాసనను పెంచుతుందన్న పాతకాలపు నమ్మకానికి కొంత బలం చిక్కినట్లే. సోడా, ఐసు దండిగా పోసి పకోడీలతో సేవించే మన పద్ధతికి మాత్రం ఆ అధ్యయనం మద్దతు పలకలేదు.

వైద్యుని చీటీతో విస్కీ

సూరత్ హెల్త్ పర్మిట్ విడ్డూరమని నవ్వుకునేవారు అమెరికా చరిత్ర చూడాలి. 1920 నుంచి 1933 డిసెంబరు 5 వరకు ఆ దేశమంతటా మద్యనిషేధం అమలైంది. ఆ కాలంలో ‘ఔషధ విస్కీ’ అమ్మకానికి ఆరు సంస్థలకు అనుమతి దక్కింది. వైద్యుడు చీటీ రాస్తే రోగి పది రోజులకు ఒక పైంట్, అంటే అర లీటరుకు కొంచెం తక్కువ, మందుల షాపులో కొనుక్కోవచ్చు. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో కారు ఢీకొని గాయపడిన విన్‌స్టన్ చర్చిల్‌కు కూడా వైద్యుడు ఇటువంటి పత్రమే రాసిచ్చాడు. భోజన సమయాల్లో స్పిరిట్ అవసరమని, పరిమాణం ఇంతని చెప్పలేకపోయినా 250 ఘనపు సెంటీమీటర్లకు తగ్గరాదని అందులో ఉంది.

ఆ పదమూడేళ్ళు ఎక్కువగా దెబ్బతీసింది రై విస్కీని. ఒకప్పుడు అది పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రాల సొంత సరుకు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ తన మౌంట్ వెర్నన్ ఎస్టేటులో ప్రధానంగా రైతో కాచిన విస్కీ 1799లో దాదాపు 11 వేల గ్యాలన్లు. నిషేధం ఎత్తివేసేనాటికి పాత డిస్టిలరీలు చాలావరకు మూతపడ్డాయి, తాగేవారి నాలుక మారిపోయింది. రై తిరిగి తలెత్తడానికి ఈ శతాబ్దం రావలసి వచ్చింది.

సూరత్, నిజాంపట్నం

ఇంతకూ సూరత్‌కు ఈ వ్యవహారం కొత్తది కాదు. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ తన వర్తక స్థావరాన్ని 1613లో ఇక్కడ స్థిరపరచుకుంది. 1638లో ఈ నగరానికి వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, శుక్రవారం ప్రార్థన ముగిశాక ఇంగ్లీషు వర్తకులు ఒకచోట చేరి స్వదేశంలోని భార్యలను తలచుకుంటూ తాగే పానీయమొకటి వర్ణించాడు. స్పిరిట్, పన్నీరు, నిమ్మజాతి పండ్ల రసం, చక్కెర కలిపిన ఆ పానీయమే తరువాత ప్రపంచమంతా తిరిగిన ‘పంచ్’. అయిదు అని అర్థమిచ్చే ‘పాంచ్’ నుంచి ఆ పేరు వచ్చిందని ఒక వాదన.

తెలుగు పాఠకులకు ఇందులో మరొక ఆసక్తికర విషయం ఉంది. ‘పంచ్’ అన్న మాట ఇంగ్లీషు రాతల్లో మొదటగా కనిపించేది 1632 నాటి ఒక కంపెనీ ఉద్యోగి లేఖలో. ఆ లేఖ అందుకున్న వర్తకుడు ఉన్నది పెటపోలిలో. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం.

మద్యాన్ని కాదనడం కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. గాంధీజీ పేరు వినగానే నిషేధం పైనుంచి దిగినదని అనుకుంటాము. 1922 చివర అప్పటి సూరత్ జిల్లా ఆదివాసీలు దేవి ఆదేశమంటూ కల్లు, సారా మానివేసి, దుకాణాలను బహిష్కరించారు. దూబగుంట మహిళలు 1992లో లేవదీసిన సారా ఉద్యమాన్ని ఎరిగినవారికి ఆ కథ తెలిసినదిగానే తోస్తుంది. ఆ ఉద్యమ ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలింపు జరిగింది. ఆ రెండేళ్ళలో యానాం అన్న పేరు ఎంత మారుమోగిందో, సూరత్‌లో దమన్ అన్న పేరు నేటికీ అంతే.

మన విస్కీ మాటేమిటి?

మన దేశంలో విస్కీ పేరిట అమ్ముడయ్యే సరుకులో అధిక భాగానికి మూలం చెరకు మడ్డి నుంచో, ధాన్యం నుంచో తీసిన తటస్థ స్పిరిట్. దానికి కొంత మాల్ట్, రంగు, వాసన చేరుస్తారు. మడ్డితో చేసిన దానిని ఐరోపా దేశాల్లో విస్కీ అని అమ్మడానికి వీల్లేదు. వారి లెక్క ప్రకారం అది రమ్ముకు దగ్గర. దీనిపై దశాబ్దాలుగా వాగ్వాదం నడుస్తోంది.

పేరు తగవుల్లో ప్రముఖమైనది ‘పీటర్ స్కాట్’ కేసు. బెంగళూరుకు చెందిన ఖోడే సంస్థ 1968 నుంచి అమ్ముతున్న ఈ విస్కీ పేరులోని ‘స్కాట్’ కొనుగోలుదారును తప్పుదారి పట్టిస్తుందని స్కాచ్ విస్కీ సంఘం వాదించింది. సుప్రీంకోర్టు 2008 మే 27న ఖోడేకు అనుకూలంగా తీర్పు చెప్పింది. సంఘం చాలా ఆలస్యంగా మేల్కొన్నదన్నది ఒక కారణం కాగా, స్కాచ్ కొనే తరగతివారు తామేమి కొంటున్నదీ ఎరిగినవారేనన్నది మరొకటి. ఎరిగినవారు సరే, ఎరగనివారి సంగతి?

అయితే మన దేశపు పేరు నిలబెట్టిన సీసాలూ ఉన్నాయి. బెంగళూరు అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో మొదట విడుదల చేసింది ఇక్కడ కాదు, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. దాని ‘ఫ్యూజన్’ రకానికి బ్రిటిష్ విమర్శకుడు జిమ్ మర్రే 2010 సంచికలో ప్రపంచంలో మూడో స్థానమిచ్చాడు. స్కాట్లండ్ గిడ్డంగుల్లో ఏటా రెండు శాతం విస్కీ గాలిలో కలిసిపోతే, బెంగళూరు వేడికి పది శాతం పైగా ఆవిరవుతుంది. ఇక్కడి విస్కీ త్వరగా పక్వానికి వస్తుంది. అందువల్ల వయసు అంకె ఒక్కటే చూసి దేశీ మాల్ట్‌ను తక్కువ చేయడం సబబు కాదు.

సుంకాల తగ్గింపు

బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2025 ఫిబ్రవరిలో 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. స్కాచ్ విషయంలో 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం, అది అమలులోకి వచ్చిన వెంటనే 150 శాతం సుంకం 75 శాతానికి, పదేళ్ళలో 40 శాతానికి దిగాలి. 2024లో భారత్ దిగుమతి చేసుకున్న స్కాచ్ పరిమాణం 19.2 కోట్ల సీసాలకు సమానం. పరిమాణంలో అది ప్రపంచంలోనే ప్రథమ స్థానం. అయినా దేశపు మొత్తం విస్కీలో స్కాచ్ వాటా సుమారు మూడు శాతమేనని ఆ పరిశ్రమ అంచనా. సుంకం తగ్గినంత మాత్రాన దుకాణం ధర అదే నిష్పత్తిలో తగ్గుతుందని ఆశించరాదు. రాష్ట్రాల పన్నుల భారం ఎప్పటివలెనే ఉంటుంది.

గుజరాత్ ప్రభుత్వం 2023 డిసెంబరులో గాంధీనగర్ సమీపంలోని గిఫ్ట్ సిటీలో మద్య సేవనానికి పరిమిత సడలింపు ఇచ్చింది. అక్కడి సంస్థల ఉద్యోగులకు, అతిథులకు అది వర్తిస్తుంది. విదేశీ పెట్టుబడిదారుల సౌకర్యార్థమే ఈ ఏర్పాటని ప్రభుత్వ వాదన.

లేబుల్ లేని సీసా

పైన చెప్పినదంతా పర్మిట్ గలవారి సంగతి. పర్మిట్‌కు దరఖాస్తు చేసే స్తోమత లేని మరమగ్గాల కార్మికుడు, సానపని కూలీ ఏమి తాగుతున్నట్టు? వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన చేనేత కుటుంబాలు సూరత్ జౌళి పరిశ్రమలో వేలాదిగా ఉన్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతోంది. అటువంటి బస్తీల్లోని మనిషికి బోర్బనూ లేదు, స్కాచూ లేదు. దొరికేది పేరులేని సంచి, లేబుల్ లేని సీసా. అందులో ఉన్నది ఇథైల్ ఆల్కహాలా, పరిశ్రమల్లో వాడే మిథైల్ ఆల్కహాలా అన్నది రంగు చెప్పదు, వాసన చెప్పదు, తాగిన మొదటి గంటలు కూడా చెప్పవు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారాక ముందు చూపు పోతుంది.

2009 జూలైలో అహ్మదాబాద్‌లో కల్తీ సారా నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ఉదంతం తరువాత, మరణాలకు దారితీసే కల్తీ సారా తయారీదారులకు మరణశిక్ష విధించవచ్చునన్న సవరణ వచ్చింది. 2016 సెప్టెంబరులో సూరత్ జిల్లా కడోదరా ప్రాంతంలో పలువురు ఇదే విధంగా మృతిచెందారు. 2017లో శిక్షలు మరింత కఠినమయ్యాయి. 2022 జూలైలో బోటాద్ జిల్లాలో నలభై మందికి పైగా చనిపోయారు. అక్కడ అమ్మినది సారా కూడా కాదు, దాదాపు పూర్తిగా మిథైల్ ఆల్కహాలేనని దర్యాప్తులో తేలింది. నిషేధం లేని తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 2024 జూన్‌లో అరవై మందికి పైగా మరణించారు కనుక దోషమంతా నిషేధానిదేనని అనడానికి లేదు. అక్కడా మరణించినవారు దుకాణపు సీసా ధర భరించలేని కూలీలే.

మిథైల్ ఆల్కహాల్ విషానికి ఫోమెపిజోల్ అనే మందు ఉంది. అది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. అది లేనిచోట వైద్యులు రోగికి విరుగుడుగా ఇచ్చేది శుద్ధమైన ఇథైల్ ఆల్కహాలే.